అప్పీల్ చేస్తే శిక్ష పెరుగుతుందా? వకీలు గారితో ఫోన్-ఇన్

యాంకర్: లైన్లో పరకాల నుంచి ఒక అన్న ఉన్నారు. చెప్పండి అన్నా, వకీలు గారు వింటున్నారు.

కాలర్: నమస్తే సార్. మా తమ్మునికి గెట్టు పంచాయితీలో కేసు అయింది. పార కామతో కొడితే పక్క చేను ఆయన చెయ్యి విరిగింది. తీవ్రంగా గాయపరిచిండని ఐపీసీ 325 సెక్షన్ కింద రెండేండ్లు జైలు, 5 వేలు జరిమానా వేసిండ్రు. అప్పీల్‌కు పోదామంటే, పై కోర్టులో ఇంకా పెంచుతరని ఊళ్లో భయపెడుతున్నరు. ఒకటే టెన్షన్.

వకీలు: ఆ భయం వద్దు. మీ ఒక్కరి అప్పీలే ఉంటే సెషన్స్ జడ్జి కేసు కొట్టేయొచ్చు, శిక్ష తగ్గించొచ్చు, ఉన్నదే ఉంచొచ్చు. పెంచడానికి వీల్లేదు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 386లో ఉన్న ఈ మాటే, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 427లోకి వచ్చింది. శిక్ష చాలలేదని అవతలి నుంచి విడిగా ఏదైనా వేస్తేనే పెంచే సంగతి. అప్పుడు కూడా మీ తమ్ముడి మాట వినాల్సిందే. తీర్పు ఎప్పుడొచ్చింది?

కాలర్: పోయిన సోమవారం. అప్పీల్ చేసుకొమ్మని టైమిచ్చి బెయిల్ మీద పంపిండ్రు.

వకీలు: ముందు నుంచీ బెయిల్ మీద ఉండి, శిక్ష మూడేళ్లు దాటకపోతే అలా ఇస్తారు. 30 రోజుల్లో అప్పీల్ పడాలి. శిక్ష నిలిపేయమని పిటిషన్ కూడా దాంతోనే వేయండి. తీర్పు నకలు ఫ్రీగా ఇచ్చే ఉంటారు, ఉందా?

కాలర్: ఉంది సార్. ఇంగ్లీషులో ఉంది, మా బిడ్డ చదువుతది.

వకీలు: చివరి పేజీ తీయమనండి. శిక్ష గురించి అడిగితే ముద్దాయి ఏం చెప్పుకున్నాడు, దానికి జడ్జి ఏం రాశారు?

కాలర్: ముసలి తల్లి ఉంది, దయ చూపమన్నడని ఉందట. నేరం తీవ్రమైనది కాబట్టి ప్రొబేషన్ ఇవ్వట్లేదని ఒక్క లైన్. అంతే.

వకీలు: తమ్ముడి వయసెంత?

కాలర్: ఇరవై. దసరాకు ఇరవై ఒకటి నిండుతయి.

వకీలు: అన్నా, అసలు పాయింట్ ఇది! ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదలడం. 1958 ప్రొబేషన్ చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. యావజ్జీవం పడే నేరం కానప్పుడు, 21 నిండని వాళ్లను ఊరికే జైలుకు పంపకూడదు. ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి, జైలే ఎందుకు కావాలో కారణాలు రాయాలి. రిపోర్టు ఊసేమైనా ఉందా?

కాలర్: ఎక్కడా లేదంటుంది సార్.

వకీలు: అయితే మీ అప్పీల్‌లో మొదటి గ్రౌండ్, అంటే చూపించే కారణం, అదే. శిక్ష ఎంత వేయాలన్నది కింది కోర్టు విచక్షణ. సాక్షులను, ముద్దాయిని కళ్లారా చూసింది ఆ జడ్జే. 'నేనైతే ఏడాదే వేసేవాణ్ని' అనిపించినంత మాత్రాన పై కోర్టు మామూలుగా అందులో వేలు పెట్టదు. చూడాల్సింది చూడకపోయినా, సంబంధం లేనిది లెక్కలోకి తీసుకున్నా, నేరానికీ శిక్షకూ పొంతన లేకపోయినా కల్పించుకుంటుంది. ముసలి తల్లి సంగతి రాయొద్దనను, కానీ అది ప్రతి అప్పీల్‌లోనూ ఉండే లైనే. మీరు వయసు పట్టుకోండి, టెన్త్ మెమో వకీలుకివ్వండి. ప్రొబేషన్ ఇచ్చే అధికారం అప్పీల్ కోర్టుకూ ఉంది.

కాలర్: పెద్దమనుషుల్లో రాజీ చేసుకుంటే కేసు పోతదా సార్?

వకీలు: 325 రాజీ పడదగ్గదే, కానీ ఇప్పుడు అప్పీల్ కోర్టు అనుమతి కావాలి. ఊళ్లో కాగితం రాసుకుంటే సరిపోదు. చెయ్యి విరిగినాయన కోర్టుకొచ్చి ఒప్పుకోవాలి.

యాంకర్: ములుగు నుంచి అక్క ఉన్నారు.

కాలర్: సార్, మాది దీనికి ఉల్టా. లారీ గుద్ది మా నాయిన చనిపోయిండు. డ్రైవర్‌కు మూడు నెలలే వేసిండ్రు. పెంచమని మేము అప్పీల్ చేయొచ్చా?

వకీలు: చేయలేరమ్మా. నిర్దోషి అని వదిలేసినా, చిన్న సెక్షన్ కిందికి దించినా, పరిహారం తక్కువైనా బాధితుల కుటుంబం అప్పీల్ చేయొచ్చు. శిక్ష తక్కువైందని మాత్రం ప్రభుత్వమే వేయాలి. 2020లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. పోయినది మీ ఇంటి మనిషి, అడిగే హక్కు మాత్రం ఇంకొకరిది. నాకైతే ఇది న్యాయంగా అనిపించదు. తీర్పు నకలు తీసుకుని రేపే పీపీని, అంటే ప్రభుత్వ వకీలును (పబ్లిక్ ప్రాసిక్యూటర్) కలవండి, ప్రభుత్వం తరఫున అప్పీల్ వేయమని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు కదలకపోతే రివిజన్, అంటే కింది కోర్టు తీర్పును సరిచూడమని పై కోర్టును అడిగే దారి చూద్దాం. ప్రమాద పరిహారం కేసు వేశారా?

కాలర్: వేసినం, వాయిదాల మీద నడుస్తుంది.

వకీలు: అది వేరే దారి, దీని కోసం ఆపొద్దు.