మినీలాగ్ ఎక్స్‌డీ: ఒకే కీ కింద అనలాగ్, డిజిటల్

[తెరపై: ప్యానెల్ పైనుంచి క్లోజప్. కుడిచెయ్యి కటాఫ్ నాబ్ మీద ఉంది. ఒకే కార్డ్ (కలిపి పట్టిన కొన్ని స్వరాలు) ఆగకుండా మోగుతోంది. నాబ్ తిరిగేకొద్దీ మూసుకుపోయినట్టున్న శబ్దం మెల్లగా విచ్చుకుంటుంది.]

ఇప్పుడు మీరు విన్నది ఏ వాయిద్యాన్నో రికార్డ్ చేసి లోపల దాచిన శబ్దం కాదు. కీ నొక్కిన క్షణంలో ఆ సర్క్యూట్లలో పుట్టిన శబ్దం.

నమస్తే. ఈరోజు కోర్గ్ కంపెనీ సింథసైజర్ మినీలాగ్ ఎక్స్‌డీని పరిచయం చేసుకుందాం. 2016లో వచ్చిన మొదటి మినీలాగ్‌లో శబ్దం పుట్టించే ఆసిలేటర్లు అన్నీ అనలాగే, అంటే విద్యుత్ సర్క్యూట్లే. 2019లో వచ్చిన ఈ ఎక్స్‌డీలో వాటి పక్కనే అంకెల లెక్కలతో శబ్దం చేసే ఒక డిజిటల్ ఇంజన్‌నూ కూర్చోబెట్టారు. దీన్ని హైబ్రిడ్ అనేది అందుకే.

కొనాలనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మన ఇళ్లలో, చర్చిల్లో, భజన బృందాల్లో కనిపించేవి ఎక్కువగా అరేంజర్ కీబోర్డులు. టోన్ నంబర్ కొడితే వేణువు, స్టైల్ ఆన్ చేస్తే వెనకాల రిథమ్. ఇదీ అలాంటిదే అనుకుని తెచ్చుకుంటే నిరాశ తప్పదు. ఇందులో స్టైల్స్ లేవు, తబలా లేదు, స్పీకర్ కూడా లేదు. ఉన్నవి 37 కీలే, అవీ మామూలు వాటికన్నా సన్నవి. వినాలంటే హెడ్‌ఫోన్స్ అయినా పెట్టాలి, యాంప్లిఫైయర్‌కైనా కలపాలి. దీని దగ్గర మనం శబ్దాన్ని ఎంచుకోం, తయారు చేస్తాం.

[తెరపై: ప్రోగ్రామ్ నాబ్ తిరుగుతోంది. నంబర్లు 198, 199, 200, 201.]

కంపెనీ తయారుచేసి ఇచ్చిన శబ్దాలు, అంటే ప్రీసెట్లు, 200 ఉన్నాయి. చాలామంది వాటిని ఒక్కొక్కటే వింటూ కూర్చుంటారు. సాయంత్రం బాగానే గడుస్తుంది గానీ మెషిన్ మాత్రం అర్థం కాదు. నా మాట విని మొదట్లో వాటి జోలికి వెళ్లకండి. 201 నుంచి 500 వరకు మన కోసం వదిలిన చోట్లు. 201కి వెళ్లండి. అక్కడ ఏ అలంకారమూ లేని బోడి శబ్దం ఒకటి దొరుకుతుంది. మన పని అక్కడే మొదలు.

[తెరపై: మిక్సర్ భాగం. వీసీఓ 1, వీసీఓ 2, మల్టీ అని మూడు నాబ్‌లు.]

ముందు ఈ మూడు నాబ్‌లు చూడండి. వీసీఓ 1, వీసీఓ 2 అనలాగ్ ఆసిలేటర్లు. మల్టీ డిజిటల్. మొదటిది మాత్రం ఉంచి మిగతా రెండూ సున్నాకి తెచ్చేయండి. ఇప్పుడు వేవ్ స్విచ్ మార్చి వినండి.

[శబ్దం: ఒకే స్వరం. ముందు సా వేవ్ (రంపం పళ్ల ఆకారపు అల), తర్వాత స్క్వేర్, తర్వాత ట్రయాంగిల్.]

సా వేవ్‌లో (ఇది స్వరం సా కాదు, రంపం పళ్ల అల) మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇలా అన్ని హార్మోనిక్స్ ఉంటాయి. అందుకే కాస్త గరుకుగా, నిండుగా వినిపిస్తుంది. స్క్వేర్‌లో బేసి సంఖ్యవే ఉంటాయి, అందుకే ఆ బోలుతనం. ట్రయాంగిల్‌లోనూ బేసివే, కానీ పైకి వెళ్లేకొద్దీ చాలా త్వరగా సన్నగిల్లిపోతాయి. అది మెత్తగా ఉండటానికి కారణం అదే. పైన ఉన్న చిన్న తెర మీద ఆ అల ఆకారం కూడా కనిపిస్తుంది. చెవికి వినబడేది కంటికీ కనబడితే నేర్చుకోవడం ఎంత సులువో మీకే తెలుస్తుంది.

[తెరపై: వీసీఓ 2 పిచ్ నాబ్ దగ్గరగా. వేళ్లు దాన్ని కదిలీ కదలనట్టు తిప్పుతున్నాయి.]

ఇప్పుడు వీసీఓ 2ని కూడా పైకి తెద్దాం. రెండూ 440 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 440 కంపనాల దగ్గర ఉన్నాయనుకోండి. రెండోదాన్ని పిసరంత పెంచి 442 చేస్తే ఏమవుతుందో వినండి.

[శబ్దం: స్వరం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది.]

వూ... వూ... అని ఊగుతోంది కదా. రెండు హెర్ట్జ్ తేడా, సెకనుకు రెండు ఊపులు. తంబూరా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగల మధ్య వినేది కూడా ఈ ఊగిసలాటే. నాబ్ ముట్టుకోకుండా ఒక ఆక్టేవ్ పైకి వెళ్లి వాయిస్తే 880, 884 అవుతాయి. ఊపు రెట్టింపు వేగంతో వస్తుంది. అందుకే కింది స్థాయిలో హాయిగా ఉన్న శబ్దం పైకి వెళ్తే కంగారుగా అనిపించవచ్చు. డీట్యూన్, అంటే ఈ పిసరంత తేడా, పెట్టేటప్పుడు ఏ ఆక్టేవ్‌లో వాయించబోతున్నారో అక్కడే విని సరిచేసుకోండి.

అనలాగ్ ఆసిలేటర్లు వేడికి కాస్త జరుగుతాయి. అందుకే ఆన్ చేయగానే ఇది తన శ్రుతి తానే సరిచూసుకుంటుంది. ఆ తర్వాత కూడా రెండు ఆసిలేటర్లు అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ కొద్దిపాటి తేడాలోంచే శబ్దానికి నిండుదనం వస్తుంది. కంప్యూటర్‌లో ఇదే తేడాను లెక్కగట్టి తీసుకురావచ్చు, ఇక్కడ అది అడగకుండానే వస్తుంది.

[తెరపై: మల్టీ ఇంజన్ స్విచ్. నాయిస్, వీపీఎం, యూజర్.]

ఇక డిజిటల్ వైపు. నాయిస్ అంటే ఈదురుగాలి, అలల హోరు, తాళం చప్పుడు లాంటి వాటికి పనికొచ్చేది. వీపీఎంలో ఒక అల ఇంకో అల ఫేజ్‌ను, అంటే అది ఏ దశలో ఉందో దాన్ని, తోస్తూ ఉంటుంది. షేప్ నాబ్ పెంచుతుంటే గంట, గాజు, లోహం తగిలినట్టు వినిపిస్తుంది. 1983 నాటి యమహా డీఎక్స్7 సింథసైజర్ ఏ కుటుంబమో, ఈ శబ్దమూ అదే కుటుంబం. మూడోది యూజర్. ఇక్కడ 16 చోట్లు ఉంటాయి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు కోర్గ్ ఇచ్చిన టూల్స్‌తో సొంతంగా ఆసిలేటర్ రాసి ఇందులోకి ఎక్కించుకోవచ్చు. తెలుగు పిల్లల్లో కోడ్ రాసేవాళ్లకు కొదవ లేదు, సంగీతం వచ్చినవాళ్లకూ కొదవ లేదు. ఈ రెండూ ఉన్నవాళ్లు ఈ 16 చోట్ల మీద కన్నేయాలని నా కోరిక.

అసలు విషయానికి వద్దాం. ఆ డిజిటల్ గంట శబ్దం నేరుగా బయటకు రాదు. రెండు అనలాగ్ ఆసిలేటర్లతో కలిసి, వాటితో పాటే పై హార్మోనిక్స్‌ను తగ్గించే అనలాగ్ ఫిల్టర్ గుండా వెళ్తుంది. వినండి.

[శబ్దం: వీపీఎం గంట శబ్దం, ఫిల్టర్ పూర్తిగా తెరిచి. తర్వాత కటాఫ్ నెమ్మదిగా దిగుతుంది.]

ముందు చెవికి గుచ్చుకున్నట్టుంది. ఇప్పుడు అదే గంట, అంచులు మాత్రం కరిగాయి. ఈ ఫిల్టర్ ఒక్కో ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంటే కోత మొదలయ్యే చోటును, అదే కటాఫ్‌ను, 1000 హెర్ట్జ్ దగ్గర పెడితే, 2000 నుంచి 4000కి వెళ్లేసరికి అల ఎత్తు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. రెజొనెన్స్ పెంచితే కటాఫ్ దగ్గర ఉన్న హార్మోనిక్స్ మాత్రం ముందుకు పొడుచుకొస్తాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లో జర్మనీలో పీపీజీ వేవ్ అనే సింథసైజర్ డిజిటల్ అలలను అనలాగ్ ఫిల్టర్‌లోకి పంపింది. 1985లో కోర్గ్ సొంత డీడబ్ల్యూ-8000 కూడా అదే దారి. అప్పట్లో డిజిటల్ అలలు గరుకుగా ఉండేవి, ఫిల్టర్ వాటిని మనిషి చెవికి దగ్గర చేసింది. ఎక్స్‌డీలో దాని తర్వాత వచ్చే ఎఫెక్ట్‌లు, అంటే శబ్దాన్ని చిక్కబరిచే కోరస్, ప్రతిధ్వనిలాంటి డిలే, గది మోతలాంటి రివర్బ్, మళ్లీ డిజిటల్. వాటి గురించి ఇంతే చెప్తాను. బాగుంటాయి, కానీ శబ్దం తయారయ్యేదాకా ఆఫ్‌లో ఉంచండి. రివర్బ్ కింద ఏ లోపమైనా దాక్కుంటుంది.

[తెరపై: నాలుగు వేళ్లు నాలుగు కీల మీద. అయిదో వేలు గాల్లో ఆగి ఉంది.]

ఇప్పుడు పాలీఫోనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో. ఇది నాలుగు స్వరాల మెషిన్. 128 పాలీఫోనీ అని రాసి ఉన్న కీబోర్డులు చూసినవాళ్లకు నాలుగేనా అనిపిస్తుంది. అక్కడ జరిగే పని వేరు, అది దాచిన శబ్దాలను చదవడం. ఇక్కడ ఒక్కో స్వరానికి రెండు అనలాగ్ ఆసిలేటర్లు, ఒక డిజిటల్ ఇంజన్, ఒక ఫిల్టర్, ఒక యాంప్లిఫైయర్ విడివిడిగా ఉండాలి. నాలుగు స్వరాలంటే ఎనిమిది అనలాగ్ ఆసిలేటర్లు, నాలుగు ఫిల్టర్లు. 1978లో ప్రాఫెట్-5 సింథసైజర్ వచ్చినప్పుడు అయిదు స్వరాలే గొప్ప.

అయిదో కీ నొక్కితే?

[శబ్దం: నాలుగు స్వరాల కార్డ్. అయిదో స్వరం మోగగానే ముందున్న ఒకటి తెగిపోతుంది.]

ముందు మోగుతున్న ఒకదాన్ని లాగేసుకుని దీనికి ఇస్తుంది. రిలీజ్, అంటే కీ వదిలాక శబ్దం ఆగేదాకా పట్టే సమయం, ఎక్కువ పెట్టినప్పుడు ఇది ఇంకా తెలుస్తుంది. కార్డ్ వదిలాక మెల్లగా మాయం కావాల్సిన తోక, తర్వాతి కార్డ్ పట్టగానే పుటుక్కున తెగుతుంది. దీనికి మందు రెండు రకాలు. రిలీజ్ తగ్గించి డిలేతో ఆ సాగుదల తెచ్చుకోవచ్చు. లేదా ఎడమచేత్తో కార్డ్ మొత్తం పట్టకుండా రెండే స్వరాలు పట్టి, కుడిచేతికి రెండు మిగల్చవచ్చు. నాకైతే రెండోదే ఇష్టం, ఏ స్వరం నిజంగా అవసరమో చెవి పెట్టి వినాల్సి వస్తుంది కాబట్టి. మరీ కావాలంటే ఇదే సింథ్ కీలు లేకుండా మాడ్యూల్‌గా కూడా వచ్చింది. రెండూ కలిపితే ఎనిమిది స్వరాలు.

యూనిసన్ నొక్కితే మాత్రం నాలుగూ ఒకే కీ మీదకు వచ్చేస్తాయి.

[శబ్దం: యూనిసన్‌లో ఒక్క బేస్ స్వరం.]

హెడ్‌ఫోన్స్‌లో ఉంటే వాల్యూమ్ తగ్గించుకుని మరీ నొక్కండి.

[తెరపై: ఎడిట్ మెనూలో మైక్రో ట్యూనింగ్.]

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ల కోసం కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను. మామూలు కీబోర్డ్‌లో షడ్జం నుంచి అంతర గాంధారం 400 సెంట్ల దూరంలో ఉంటుంది (నల్లవి కూడా కలిపి, పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు). శ్రుతిలో చక్కగా కలిసే గాంధారం 386 దగ్గర ఉంటుంది. 14 సెంట్లు ఎక్కువ. శంకరాభరణం వాయిస్తుంటే గాంధారం దగ్గర ఏదో పొసగనట్టు అనిపించేది అందుకే. ఇందులో స్కేలు మార్చుకోవచ్చు. ప్యూర్ మేజర్ అనే స్కేలు పెట్టి, మీ ఆధార షడ్జం ఏదైతే అది స్కేల్ కీగా ఇవ్వండి.

తేడా వినాలంటే వీసీఓ 2, మల్టీ రెండూ తగ్గించేయండి. సి దగ్గర సా, దానిపైన పా, పై సా పట్టుకోండి. మూడు స్వరాలయ్యాయి. నాలుగోదిగా గా నొక్కండి.

[శబ్దం: ముందు మామూలు ట్యూనింగ్‌లో స-ప-స, దాని మీద గా. తర్వాత ప్యూర్ మేజర్‌లో అదే.]

కింది సా 131 హెర్ట్జ్ దగ్గర ఉంటే, మామూలు ట్యూనింగ్‌లో గా పట్టగానే సెకనుకు అయిదు సార్లు సన్నగా గిలగిల్లాడుతుంది. సా అయిదో హార్మోనిక్, గా నాలుగో హార్మోనిక్ దగ్గరగా వచ్చి కూడా కలవకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది అది. ప్యూర్ మేజర్‌లో అవి రెండూ ఒక్కచోటికి చేరతాయి. అనలాగ్ కాబట్టి పూర్తిగా నిశ్చలంగా ఉండదు గానీ, స్వరం కుదురుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది.

అంతమాత్రాన గమకం వచ్చేసిందని కాదు. రాగం స్వరస్థానాల్లో ఎంత ఉందో, స్వరాల మధ్య కదలికలోనూ అంత ఉంది. దానికి యూనిసన్ మోడ్‌లో పెట్టి ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారించే పోర్టమెంటో నాబ్ కొద్దిగా తెరిస్తే జారు లాంటిది వస్తుంది. ఎడమవైపు జాయ్‌స్టిక్‌కి బెండ్ రేంజ్ (స్వరాన్ని ఎంతదాకా వంచవచ్చో) రెండు స్వరస్థానాలు ఇచ్చుకుంటే చిన్న కంపితం సాధన చేయవచ్చు. వీణలా వస్తుందని చెప్పను. కానీ కీ నొక్కితే స్వరం రాయిలా కదలకుండా కూర్చునే కీబోర్డులతో పోలిస్తే ఇక్కడ సాధనకు చోటుంది.

[తెరపై: రైట్ (Write) బటన్ క్లోజప్.]

చివరగా ఒక జాగ్రత్త. ఇంతసేపు తయారుచేసింది ఇంకా మెమరీలోకి వెళ్లలేదు. ప్రోగ్రామ్ నాబ్ కదిపితే పోతుంది. రైట్ (Write) నొక్కండి, నంబర్ ఎంచుకోండి, మళ్లీ రైట్ నొక్కండి. పేరు పెట్టేటప్పుడు ఏ ఆక్టేవ్‌లో బాగుందో కూడా పేరులోనే గుర్తుగా పెట్టుకుంటే, తర్వాత వెతుక్కోనక్కర్లేదు.