లోపల ఇల్లు, బయట లారీ

నమస్కారమండి. అమెరికాలో స్కూళ్ళకి సెలవులిచ్చారంటే మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక మాట వస్తుంది, ఈసారి ఆర్వీ తీసుకుని వెళ్దామా అని. ఊళ్ళో వింటున్నవాళ్ళ కోసం చెప్తున్నా, ఆర్వీ అంటే మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ ఉన్న పెద్ద బండి, అద్దెకిస్తారు, మనమే నడుపుకోవాలి. అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని గ్రాండ్ కేన్యన్, ఎల్లోస్టోన్ తిరిగొస్తారు. పెద్దవాళ్ళు దారిలో బాత్రూమ్ ఎక్కడా అని కంగారు పడక్కర్లేదు, అన్నం వేడిగా వండుకోవచ్చు, రాత్రి చెట్ల కింద పడుకోవచ్చు. నాకు ఈ ప్రయాణాలంటే ప్రాణం. అందుకే ఇవాళ వాటిలో బళ్ళు ఎక్కడ ఆగిపోతాయో, ఎక్కడ గుండె జారిపోతుందో అది చెప్దామని వచ్చా.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా. లోపల కూర్చున్నవాళ్ళకి అది ఇల్లు, రోడ్డుకి మాత్రం అది లారీ. మామూలుగా అద్దెకి దొరికే బండి పాతిక ముప్పై అడుగుల పొడవుంటుంది, పైన ఏసీతో కలిపి ఎత్తు దాదాపు 12 అడుగులు, సామాను, నీళ్ళు, మనుషులు అందరూ ఎక్కాక ఆరు టన్నుల పైమాటే. దాన్ని నడపటానికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్స్ చాలు. నిన్నటిదాకా క్యామ్రీ కారు నడిపిన మనిషి ఇవాళ అరగంట చూపించిన పాఠంతో ఆరు టన్నుల బండి తీసుకుని హైవే ఎక్కుతున్నాడు, అక్కడ మొదలవుతాయండి కష్టాలన్నీ.

మా పెదనాన్న విజయవాడలో లారీ నడిపేవారు, ఇంజినీరింగ్ చదివిన నాకు ఆర్వీ దగ్గర ఎక్కువ పనికొచ్చింది చిన్నప్పుడు ఆయన దగ్గర విన్న మాటలే. ఆటోనగర్‌లో లారీ బయల్దేరే ముందు క్లీనర్ కుర్రాడు ఇనప రాడ్ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరూ కొట్టి శబ్దం వినేవాడు, వెనక జంట టైర్లలో లోపలిది కంటికి కనపడదు కదా, గాలి పోయిందో లేదో ఆ శబ్దంతోనే తెలిసేది. ఆర్వీకి కూడా వెనక జంట టైర్లేనండి, లోపలి టైరు గాలి పోయినా డ్రైవర్ సీట్లో కూర్చుంటే తెలీదు, బరువంతా పక్క టైరు మీద పడి అది వేడెక్కి పేలిపోద్ది.

టైరు పేలటం గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే నేను చూసిన వాటిలో మనిషిని బాగా భయపెట్టేది అదే. ఆర్వీ టైర్లు అరిగిపోయి పాడవటం తక్కువ, ఎండకి పాడవుతాయి. బండి నెలల తరబడి యార్డులో నిలబడి ఉంటుంది, పక్కనుండే రబ్బరు ఎండకి పగుళ్ళిస్తుంది, కింద గీతలు చూస్తే కొత్త టైరులాగే ఉంటుంది. టైరు పక్కన డీఓటీ అని ఉంటుంది చూడండి, ఆ నంబర్ చివర్లో నాలుగు అంకెలు టైరు పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. బండి తీసుకునే రోజు ఒక్కో టైరు దగ్గర వంగి అది చదవండి, ఏడెనిమిదేళ్ళ నాటిదైతే మార్చమని గట్టిగా అడగండి, మొహమాటం వద్దు, మీ పిల్లలు ఎక్కే బండి.

అరిజోనాలో ఐ-40 హైవే మీద కింగ్‌మన్ ఊరు దాటాక మాకు ఇది జరిగింది. మా తోడల్లుడు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో ఉన్నా, మధ్యాహ్నం ఎండ దంచేస్తోంది. ఢామ్మని శబ్దం, బండి మొత్తం కుడివైపుకి లాగేసింది, వెనక నుంచి పిల్లలు కేకలు. ముందు కుడి టైరు పోయింది. అలాంటప్పుడు కాలు దానంతట అదే బ్రేక్ మీదకి వెళ్ళిపోద్ది, తొక్కామా అంతే సంగతులు, బరువంతా ముందుకి వచ్చి ఆ పోయిన టైరు మీద పడుతుంది, బండి ఇంకా అటే తిరిగిపోతుంది. మా తోడల్లుడు రెండు చేతుల్తో స్టీరింగ్ గట్టిగా బిగించి పట్టుకున్నాడు, యాక్సిలరేటర్ మీద కాలు ఒక్క క్షణం అలాగే ఉంచాడు, బండి తిన్నగా అయ్యాక మెల్లగా కాలు తీసేశాడు, దానంతట అది స్పీడు తగ్గుతూ తగ్గుతూ పక్కకి వచ్చి ఆగింది. బయల్దేరే ముందు రోజు ఇదంతా మాట్లాడుకున్నాం కాబట్టి చేయగలిగాడు, ఆ సెకనులో ఆలోచించుకునే టైమ్ ఉండదండి.

ఇంకోటి, మా అత్తయ్యగారు వెనక బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. బండి నడుస్తుండగా లేచి టీ పెడతానని అంతకుముందే రెండుసార్లు అన్నారు, వద్దత్తయ్యా ఆగినప్పుడు పెడుదురుగాని అని కూర్చోబెట్టాం. ఆవిడ ఆ క్షణంలో పొయ్యి దగ్గర నిలబడి ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరింపే. ఇల్లులాగా ఉంది కదా అని మంచం మీద పడుకోబెట్టటం, నడుస్తుంటే ఫ్రిజ్ దగ్గరకి వెళ్ళటం, ఇవి చేయనివ్వకండి. కుక్కర్, గ్రైండర్, నీళ్ళ కేన్లు కూడా కింద అల్మారాల్లో పెట్టి తలుపులు లాక్ చేయండి.

ఎత్తు సంగతికి వద్దాం. నార్త్ కరోలినాలో డర్హమ్‌లో గ్రెగ్సన్ స్ట్రీట్ మీద ఒక రైలు బ్రిడ్జి ఉంది, రాలీ, కేరీ, మోరిస్‌విల్ లో ఉండే మనవాళ్ళందరికీ తెలుసు. ఒకప్పుడు 11 అడుగుల 8 అంగుళాలు దాని ఎత్తు, ఏళ్ళ తరబడి అద్దె ట్రక్కులు, ఆర్వీలు వచ్చి దాన్ని కొట్టుకుని పైకప్పు ఒలిచేసుకుని పోయేవి, ఏసీ పెట్టెలు ఊడి రోడ్డు మీద పడేవి. ముందు హెచ్చరిక బోర్డులు, లైట్లు అన్నీ ఉన్నాయి, అయినా కొట్టేవాళ్ళు. 2019లో బ్రిడ్జిని 8 అంగుళాలు పైకి లేపి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు, ఆ తర్వాత కూడా కొట్టారు. ఎందుకంటే అద్దెకి తీసుకున్న మనిషి బుర్రలో ఇంకా కారే నడుస్తూ ఉంటుంది, కారు నడిపేవాడు జీవితంలో ఎప్పుడూ తలపైకి చూసి ఉండడు.

న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు పార్క్‌వేలు మరీ ప్రమాదం. అవి చాలావరకు కార్ల కోసమే కట్టిన పాతకాలం రోడ్లు, రాతి కమాను బ్రిడ్జిలు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో కిందకి ఉంటాయి, న్యూయార్క్ పార్క్‌వేల మీదకి ఆర్వీలు రాకూడదు కూడా. ఫోన్లో మనం రోజూ వాడే మ్యాప్‌కి మీ బండి ఎత్తు తెలీదు, దగ్గర దారి అని అటే తిప్పుతుంది. ఎత్తు, పొడవు, బరువు చెప్పి దారి వెతికే ఆర్వీ నావిగేషన్ యాప్‌లు ఉన్నాయి, అవి పెట్టుకోండి. పెద్ద అక్షరాలతో ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించండి. పెట్రోల్ బంకు పైకప్పు కూడా చూసుకోవాలి, బండి దిగకుండానే తిండి కొనుక్కునే డ్రైవ్-త్రూల జోలికి అసలు పోవద్దు.

దారి గురించే ఇంకొకటి, ఇది న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి వర్జీనియా వైపు వెళ్ళేవాళ్ళకి. బాల్టిమోర్‌లో ఐ-95, ఐ-895 రెండూ నీటి కింద టన్నెళ్ళ లోంచి పోతాయి, ఆర్వీ పొయ్యికి వాడే ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లు, ఆ సైజువి ఉంటే వాటిలోకి రానివ్వరు. ఇదివరకు అలాంటి బళ్ళు ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జి మీద నుంచి పోయేవి, 2024 మార్చి 26 తెల్లవారుజామున ఓడ గుద్దుకుని ఆ బ్రిడ్జి కూలిపోయింది. కాబట్టి ఇప్పుడు ఐ-695 మీద పడమర వైపు నుంచి ఊరు చుట్టి రావాలి. టన్నెల్ ముందుకొచ్చాక తెలిస్తే ఆ ట్రాఫిక్‌లో ముప్పై అడుగుల బండి తిప్పుకోవటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు ఘాట్ రోడ్లు. శ్రీశైలం ఘాట్‌లో నడిపిన ఏ లారీ డ్రైవర్‌ని అడిగినా చెప్తాడు, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంటుంది, దానికి అటూ ఇటూ పొడవాటి దిగుళ్ళు, కొన్ని చోట్ల 7 శాతం, అంటే వంద అడుగులు ముందుకు పోతే ఏడు అడుగులు కిందకి. అక్కడ బ్రేక్ మీద కాలు పెట్టుకునే దిగారనుకోండి, రాపిడికి బ్రేకులు కాలిపోతాయి, కాలిన వాసన వస్తుంది, ఇంకా తొక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి చేరుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది కానీ బ్రేకుని నొక్కదు, పెడల్ నేలకి తగులుతుంది బండి ఆగదు. అందుకే గేర్ లివర్ మీద టో-హాల్ అని బటన్ ఉంటుంది, దిగుడు మొదలవ్వక ముందే అది నొక్కండి, కింద గేరులో పడి ఇంజినే బండిని పట్టుకుంటుంది, ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి, అది పాడవుతున్న శబ్దం కాదు. బ్రేక్ గట్టిగా ఒకసారి తొక్కి పది మైళ్ళ స్పీడు తగ్గించి వదిలెయ్యండి, మళ్ళీ పెరిగాక మళ్ళీ తొక్కండి. రోడ్డు పక్కన కంకర పోసిన రన్‌అవే ట్రక్ ర్యాంప్ అన్న బోర్డు కనిపిస్తుంది, బ్రేకులు పోతే అది మీకోసం కూడా, బండి పాడవుద్దేమో అని చూడకుండా ఎక్కించెయ్యండి.

ఎక్కేటప్పుడు కష్టం ఇంకో రకం, ఇంజిన్ వేడెక్కిపోతుంది. కాలిఫోర్నియాలో గ్రేప్‌వైన్ అనే కొండదారి ఎక్కుడులో, డెత్ వ్యాలీ ఎడారి రోడ్లలో ఏసీ ఆపేయమని బోర్డులే పెట్టారు. డెత్ వ్యాలీలో 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది, మన రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళకి కూడా అది వేరే లోకం. వేడి ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ముందు ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టండి, ఇంజిన్ వేడి కొంత అటు లాగుతుంది, చెమటలు కారినా పర్లేదు. పక్కకి ఆపాక వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు, మొహం కాలిపోద్ది.

బండి ఎక్కడో ఎడారిలో ఆగిపోయింది, ఫోన్లో సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన చిన్న ఆకుపచ్చ పలకల మీద మైలు నంబర్ ఉంటుంది, పక్క సీట్లో ఉన్న మనిషి దారి పొడవునా అది చూస్తూ ఉండాలి. ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ కలిసినప్పుడు ఏ రోడ్డు, ఎటు వైపు, ఏ మైలు అని మూడు ముక్కల్లో చెప్తే చాలు. కొత్త ఐఫోన్లలో 14 నుంచి శాటిలైట్‌తో ఎమర్జెన్సీ మెసేజ్ పంపే ఏర్పాటు ఉంది, అది ఎలాగో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. హైవే అంచున ఆగితే అందర్నీ దింపి గొడుగులు, నీళ్ళు పట్టుకుని రోడ్డు అంచున ఉండే ఇనప కంచె, గార్డ్‌రైల్ అవతలకి తీసుకెళ్ళండి, ఎండగా ఉందని బండిలోనే కూర్చోబెట్టొద్దు, వెనక నుంచి ట్రక్కు వచ్చి గుద్దితే ఆ ఆర్వీ గోడలు ఆపలేవు, అవి పల్చటి రేకు, చెక్క. కింగ్‌మన్ దగ్గర టైరు పేలినప్పుడు మాకు సాయం రావటానికి చాలా గంటలు పట్టింది, పిల్లలకి నీళ్ళు సరిపోయాయి, అదొక్కటే అప్పుడు నాకు ధైర్యం.

స్టార్ట్ అవ్వకపోతే మాత్రం వెంటనే హడలిపోకండి. ఆర్వీలో రెండు రకాల బ్యాటరీలు, ఒకటి ఇంజిన్‌ది, ఇంకోటి లోపల లైట్లకి, నీళ్ళ పంపుకి. చాలా బళ్ళల్లో డ్యాష్‌బోర్డ్ మీద ఒక స్విచ్ ఉంటుంది, అది నొక్కి పట్టుకుని తాళం తిప్పితే ఇంటి బ్యాటరీ ఇంజిన్‌కి సాయం వస్తుంది. జనరేటర్ ఆగిపోతే ట్యాంకులో పెట్రోల్ చూడండి, పావు కంటే తగ్గితే అది ఆడదు, మీరు బంకు దాకా పోవటానికి మిగలాలని అలా పెట్టారు.

అన్నిటికంటే నాకు భయమేసేది శబ్దం చెయ్యనిది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, మన ఇళ్ళల్లో లాగే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి సిలిండర్ వాల్వ్ కట్టేస్తాం. కార్బన్ మోనాక్సైడ్‌కి మాత్రం వాసన లేదు, రంగు లేదు. జనరేటర్ పొగ నుంచి వస్తుంది, పక్క బండి జనరేటర్ నుంచి కూడా వస్తుంది, చలికి పొయ్యి వెలిగించి పడుకుంటే దాని నుంచీ వస్తుంది. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగటం, మనం ప్రయాణం పడలేదనుకుంటాం, తిన్నది పడలేదనుకుంటాం, ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే అది తిండి అనుకోవద్దు. జనరేటర్ వేసుకుని నిద్రపోవద్దు. లోపల అలారం ఉంటుంది, బండి తీసుకునేటప్పుడే బటన్ నొక్కి మోగించి చూడండి, వెనక దాని గడువు తేదీ చదవండి. రాత్రి అది మోగితే బ్యాటరీ అయిపోయిందేమో అని ఊడబీకే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, పసిపిల్లలతో సహా అందరూ బయటికి వచ్చాక మిగతా సంగతి.

గాలి గురించి రెండు మాటలు. వయోమింగ్‌లో ఐ-80 మీద లారమీ, రాలిన్స్ మధ్య గాలికి ఎత్తైన తేలిక బళ్ళని అసలు వెళ్ళనివ్వకుండా రోడ్డు మూసేస్తుంటారు. బోర్డు కనపడితే ఆ పూట ఆగిపోండి, మీ లోపల వంటిల్లుంది, మంచాలున్నాయి, ఆగటానికి ఇంతకంటే మంచి బండి ఎక్కడ దొరుకుతుంది.

రివర్స్ చేసేటప్పుడు ఎప్పుడూ ఒకళ్ళు దిగాలి, మన క్లీనర్ రానీ రానీ అని చెయ్యి ఊపుతాడు చూడండి, అలాగ, డ్రైవర్ అద్దంలో ఆ మనిషి కనపడకపోతే బండి ఆపెయ్యాలి. ఇక మీ కారు ఇన్సూరెన్స్‌లో ఉన్న టోయింగ్ ఈ బండికి పనికొస్తుందని అనుకోకండి, దీన్ని లాగటానికి పెద్ద ట్రక్కు కావాలి, చాలా పాలసీల్లో అది ఉండదు. అద్దె కంపెనీ వాళ్ళ రోడ్డు సాయం ఏ రోడ్ల మీద వస్తుంది, మట్టి రోడ్లకి వస్తుందా, ఎండాకాలం డెత్ వ్యాలీకి వస్తుందా, టైరు డబ్బులు ఎవరివి, ఇవన్నీ తాళాలు చేతిలోకి తీసుకోకముందే అడిగి రాయించుకోండి. ఉంటానండి, నమస్కారం.