చివరి పది నిమిషాల కెప్టెన్

నమస్కారం. న్యూజిలాండ్ రగ్బీ కెప్టెన్‌గా ఆడిన రిచీ మెకా గురించి మాట్లాడమంటే ఎవరైనా రికార్డులతోనే మొదలుపెడతారు. 148 టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌లు), 131 గెలుపులు, 110 మ్యాచ్‌లకి కెప్టెన్సీ, కెప్టెన్‌గా రెండు ప్రపంచకప్‌లు. సరే, చెప్పేశాను, ఇక వాటిని పక్కన పెట్టేద్దాం. నన్ను పట్టుకుని వదలనిది అతను ఓడిపోయిన ఒక మ్యాచ్.

మెకా 1980 డిసెంబర్ 31న పుట్టాడు. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో, కురో అనే చిన్న ఊరి పక్క లోయలో, పొలాల మధ్య పెరిగాడు. టీనేజ్‌లో ఉండగా ఒకరోజు మామయ్యతో కూర్చుని, ఆల్ బ్లాక్స్‌కి, అంటే న్యూజిలాండ్ జాతీయ జట్టుకి, ఆడాలంటే ఏ ఏడాదికి ఏ జట్టులో ఉండాలో ఒక పేపర్ నాప్‌కిన్ మీద వరసగా రాసుకున్నారట. చివర్లో మామయ్య "గ్రేట్ ఆల్ బ్లాక్ అని రాసి సంతకం పెట్టు" అంటే, అంత మాట రాయడానికి కుర్రాడికి సిగ్గేసి, పొడి అక్షరాల్లో జి.ఎ.బి. అని గీకి ఊరుకున్నాడు. 1995లో రగ్బీ యూనియన్ ప్రొఫెషనల్ ఆట అయ్యేనాటికి అతనికి 14 ఏళ్ళు. అంతకు ముందు తరం అయితే పగలు ఉద్యోగమో వ్యవసాయమో చూసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వెళ్ళాల్సిందే.

అతను వేసుకున్నది 7వ నంబర్ జెర్సీ, ఓపెన్‌సైడ్ ఫ్లాంకర్. ఆ పని ఏమిటో కాస్త దగ్గర్నుంచి చూడండి. బంతి పట్టుకున్నవాణ్ణి ట్యాకిల్ చేసి పడగొట్టారు, పడినవాడు బంతి వదిలేయాలి, ఆ అరక్షణంలో మీరు అక్కడికి చేరి, కాళ్ళ మీద నిలబడే వంగి బంతి మీద చేతులు వేయాలి, ఈలోగా వంద కిలోల మనుషులు ఇద్దరు మీ పక్కటెముకల మీదకి దూసుకొస్తుంటారు. తట్టుకుని నిలబడి, కిందివాడు బంతి వదలకపోతే పెనాల్టీ, అంటే అవతలివాళ్ళ తప్పుకి దొరికే కిక్, మీకు. మీ మోకాలు నేలకి ఆనినా, పక్క నుంచి దూరినా పెనాల్టీ వాళ్ళకి. ఈ సందులో మెకా పదిహేనేళ్ళు బతికాడు. ఎప్పుడు చూసినా ఆఫ్‌సైడ్‌లోనే, అంటే ఉండకూడని వైపే, ఉంటాడని ప్రత్యర్థులు గోల పెట్టేవాళ్ళు. కొన్నిసార్లు నిజమే కూడా, కాకపోతే ఈ రిఫరీ ఈరోజు ఎంతవరకు ఊరుకుంటాడో అందరికంటే ముందు పసిగట్టేది అతనే.

2001లో డబ్లిన్‌లో ఐర్లాండ్ మీద తొలి టెస్ట్. అప్పటికి పెద్ద స్థాయిలో ఆడిన అనుభవం దాదాపు లేదు, ఇతన్నెందుకు తీసుకున్నారని పెదవి విరిచినవాళ్ళున్నారు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. 2004లో కార్డిఫ్‌లో వేల్స్ మీద మొదటిసారి కెప్టెన్‌గా దిగి 26-25తో, అంటే ఒకే ఒక్క పాయింట్‌తో, బయటపడ్డాడు. ఊరి పేరు గుర్తుంచుకోండి.

2007 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, అదే కార్డిఫ్, అదే స్టేడియం, ఎదురుగా ఫ్రాన్స్. సగం ఆటకి 13-3తో ముందున్న న్యూజిలాండ్ చివరికి 20-18తో ఓడిపోయింది. ఫ్రాన్స్ ఆఖరి ట్రైకి (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) ముందు ఒక ఫార్వర్డ్ పాస్, అంటే నిబంధనకి విరుద్ధంగా ముందుకి విసిరిన పాస్, రిఫరీ కంటపడలేదు, న్యూజిలాండ్‌లో ఇప్పటికీ అది తలుచుకుని తిట్టుకుంటారు. నా దృష్టిలో అసలు సంగతి అది కాదు. చివరి నిమిషాల్లో బంతి చేతిలో ఉంది, వెనకబడింది రెండు పాయింట్లే, ఒక్క డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగానే బంతిని నేలకేసి, లేవగానే గోల్‌కి తన్నడం) పడితే మూడొస్తాయి. దానికోసం కుదురుగా ఏర్పాటు చేసుకోకుండా, తలలు దించుకుని మళ్ళీ మళ్ళీ గోడని గుద్దినట్టు ఆడారు. పెనాల్టీ వస్తే గోల్‌కి కొట్టాలా, లైనౌట్ (పక్క గీత దగ్గర్నుంచి బంతిని మళ్ళీ లోపలికి విసరడం) కోసం బయటికి తన్నాలా, ఇప్పుడు ఏ ఆట ఆడాలి అన్నది మైదానంలో కెప్టెనే తేల్చాలి, కోచ్ ఎక్కడో పైన కూర్చుని ఉంటాడు. ఆ రోజు 26 ఏళ్ళ కెప్టెన్‌కి బుర్ర పనిచేయలేదు. ఆల్ బ్లాక్స్ సెమీఫైనల్ చేరకుండా ఇంటికి రావడం అదే మొదటిసారి.

కెప్టెన్సీ పోతుందనుకున్నారంతా. పోలేదు. తర్వాతి ఏళ్ళలో ఆ జట్టు ఫోరెన్సిక్ సైకియాట్రిస్ట్ కెరీ ఎవాన్స్‌తో కూర్చుని, టెన్షన్‌లో మెదడు ఎలా మొరాయిస్తుందో నేర్చుకుంది. కంగారులో ఉంటే ఎరుపు తల, నెమ్మదిగా ఉంటే నీలం తల అని పేర్లు పెట్టుకున్నారు. ఎరుపు ఎక్కుతోంది అనిపించగానే మెకా ఊపిరి నెమ్మదిగా తీసుకుని పాదాలు నేలకేసి గట్టిగా తొక్కేవాడు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది.

2011, ఆక్లండ్ ఈడెన్ పార్క్, మళ్ళీ ఫ్రాన్స్, ఈసారి ఫైనల్. అంతకుముందు న్యూజిలాండ్ కప్పు గెలిచింది 1987లో. వరసగా ఇద్దరు ఫ్లై హాఫ్‌లు (ఆట నడిపించే 10వ నంబర్ ఆటగాళ్ళు) గాయపడితే, చేపలు పట్టుకుంటున్న స్టీఫెన్ డొనాల్డ్‌ని పిలిపించారు, ఫైనల్లో మూడోవాడూ గాయపడితే అతను దిగాడు, ఆఖరికి గెలుపుకి పనికొచ్చిన పెనాల్టీ కొట్టింది అతనే. 8-7. మళ్ళీ ఒక్క పాయింట్, ఇంకా అరగంటకి పైగా ఆట ఉంది. ఈసారి ఎవరూ కంగారుపడలేదు.

ఆ మ్యాచ్ మెకా విరిగిన పాదంతో ఆడాడు. ఆ ఏడాది మొదట్లో అదే పాదంలో స్క్రూ వేశారు, టోర్నమెంట్ మధ్యలో నొప్పి తిరగబెట్టింది, ఎక్స్‌రే మాత్రం తీయించుకోలేదు, తీయిస్తే ఏం తేలుతుందో తెలుసు కనుక. దీన్ని వీరత్వం అని రాస్తారు. నాకైతే మెచ్చుకోవాలనీ ఉంటుంది, భయమూ వేస్తుంది. ఇంట్లో పిల్లలు ఇలా చేస్తే చెవి మెలేసి ఆస్పత్రికి తీసుకెళ్ళమా? అతనూ ఒంటిని ఊరికే అరగదీసుకోలేదు లెండి, 2013లో కాంట్రాక్ట్ ప్రకారమే ఆరు నెలలు ఆట మానేసి విశ్రాంతి తీసుకున్నాడు.

అదే 2013 నవంబర్‌లో, తొలి టెస్ట్ ఆడిన చోటే కట్టిన కొత్త స్టేడియంలో, ఐర్లాండ్ 22-17తో ముందుంది, సమయం అయిపోవచ్చింది, ఆల్ బ్లాక్స్‌కి బంతి తమ సగంలోనే దొరికింది. ఒక్కరూ తొందరపడలేదు. అడుగు అడుగు, పాస్ పాస్, పడటం లేవడం, అలా మైదానమంతా దాటి ట్రై చేసి, పైన కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కి కొట్టే కిక్) కొట్టి 24-22తో గెలిచారు. 2007 నాటి చివరి పది నిమిషాల పక్కన ఈ ఆఖరి రెండు నిమిషాలు పెట్టుకుని చూడండి, ఒకే మనిషి కెప్టెన్ అంటే నమ్మబుద్ధి కాదు.

2015లో ట్వికెన్‌హామ్‌లో ఆస్ట్రేలియా మీద 34-17తో ఫైనల్ సులువుగానే గెలిచాడు, అందుకే దాని గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొన్ని వారాలకే రిటైర్ అయ్యాడు. ఇప్పుడు హెలికాప్టర్ నడుపుతాడు, 2016లో కైకౌరా భూకంపం వచ్చినప్పుడు దాన్ని తీసుకునే సాయానికి వెళ్ళాడు. ఇక ప్రశ్నలుంటే అడగండి, ఆ ఫార్వర్డ్ పాస్ గురించి తప్ప.