కాళ్లు కడుక్కునే చోటే మొదలుపెడదాం

(పొదిలి ప్రాంతంలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసిన నన్ను, ఎవరి ఆరోగ్యాన్ని వారు రోజూ ఎలా చూసుకోవాలో చెప్పమని పిలిచారు. ఇంట్లో ఎవరికి ఒళ్లు కాలినా అర్ధరాత్రి లేచి తడిగుడ్డ వేసేది మీరే. అత్తగారి షుగరు మాత్రలు ఎప్పుడు అయిపోతాయో గుర్తుండేదీ మీకే. అలాంటి మిమ్మల్ని మీ బీపీ ఎంత ఉందని అడిగితే, కడసారి కానుపప్పుడు చూశారని చెప్పినవారు ఎందరో ఉన్నారు. ఆ కానుపులో పుట్టిన బిడ్డకు అప్పటికి పెళ్లీడు వచ్చి ఉండేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమనేది.

తీరిక దొరికినప్పుడు మన సంగతి చూసుకుందామని అందరం అనుకుంటాం. పొలం పనీ ఇంటి పనీ కలిసి ఉన్నచోట ఆ తీరిక ఎన్నటికీ దొరకదు. అందువల్ల కొత్తగా వేళ కల్పించుకోమని నేను చెప్పబోవడం లేదు. మీరు రోజూ ఎలాగూ చేసే పనికి మరొక చిన్న పనిని ముడివేయమంటున్నాను.

బయటినుంచి వచ్చి, తొట్టి దగ్గర కాళ్లు కడుక్కోనిదే గడప తొక్కని అలవాటు మనది. షుగరు ఉన్నవారు ఆ చోటనే మరో రెండు నిమిషాలు కూర్చుని, అరికాళ్లను, వేళ్ల సందులను, మడమల పగుళ్లను చూసుకుని, పొడిగుడ్డతో తడి అద్దుకుంటే చాలు. ఈ జబ్బు ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతిని కాళ్లకు స్పర్శ తగ్గుతుంది. దెబ్బ తగిలినా నొప్పి తెలియదు, పుండు పడితే త్వరగా మానదు. ఒక రైతు సర్కారు తుమ్మ ముల్లు దిగిన కాలితోనే నాలుగు రోజులు పొలం తిరిగాడు. దుప్పటి మీద మరక చూసి భార్య అడిగేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు. చివరకు బొటనవేలు తీసేయవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన ఇంటి తొట్టి పక్కన గోడకు చిన్న అద్దం ఒకటి వేలాడదీశారు. వంగలేని ఆయన రోజూ సాయంత్రం ఆ అద్దం కింద పెట్టుకుని అరికాలు చూసుకునేవారు. నేను ఆ వీధికి వెళ్లినప్పుడల్లా ఆ అద్దం చూపించేవారు. ఆ అద్దం ముందే ఉండి ఉంటే ఆ వేలు దక్కేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇక నీళ్ల సంగతి. కంది కోతకో మిరపకాయల కోతకో వెళ్లే ఆడవాళ్లు పొద్దున ఒక గ్లాసు తాగి, మళ్లీ ఇంటికి చేరేదాకా గొంతు తడుపుకోరు. చేలో చాటు ఉండదు కాబట్టి నీళ్లు తాగడానికే భయపడతారు. దీన్ని నిర్లక్ష్యమని నేను ఎన్నడూ అనను. అయితే మూత్రంలో మంట, చీము, రాళ్లు అంటూ నా దగ్గరకు వచ్చినవారిలో ఈ కారణం చెప్పుకోలేక చెప్పినవారు చాలామంది. ఒక్కరు అడిగితే సిగ్గుపడే మాటను పదిమంది ముఠాగా అడగవచ్చు: గట్టు మీద నాలుగు కర్రలు పాతి పాత చీర చుట్టి చాటు కట్టించమని చేను గలవారిని అడగండి. మూత్రం పసుపు నీళ్లలా చిక్కగా వస్తూ ఉంటే ఒంటికి నీరు చాలలేదని గుర్తు. అది లేత రంగులో ఉండేటట్లు చూసుకోండి.

ఏ నీళ్లు తాగుతున్నామన్నది మన ప్రాంతంలో ఇంకా పెద్ద ప్రశ్న. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు చెడిపోయే ఫ్లోరోసిస్ జబ్బు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్నదని వైద్యులు 1937లోనే ప్రకటించారు; 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి ఆ జిల్లాలోనే ఉండేవి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది మరింత చిక్కబడుతుంది. కాచి తాగుతున్నామన్న ధైర్యంతో బోరు నీళ్లనే పిల్లలకు పోస్తున్న తల్లులు దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. శుద్ధి చేసిన నీళ్లు బిందెడే దొరికితే, వాటిని తాగడానికీ వంటకూ ఉంచి, తక్కిన అవసరాలకు బోరు నీళ్లు వాడండి.

పొగాకు పనికి వెళ్లేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మంచుకు తడిసిన పచ్చాకు కోస్తున్నప్పుడు, కర్రలకు కడుతున్నప్పుడు ఆకులోని నికోటిన్ అనే విషం చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తల తిరగడం, వాంతులు, తలనొప్పి అందుకే వస్తాయి. దిష్టి తగిలిందనో గ్యాసు పట్టిందనో అనుకుని సరిపెట్టుకోవద్దు. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునే అలవాటు మీకు ఎలాగూ ఉంది, అది చాలా మంచి అలవాటు. ఆ చొక్కా తడిస్తే మార్చుకోవడానికి ఇంకొకటి సంచిలో పెట్టుకోండి, క్యారేజీ విప్పే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. పచ్చాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసేవారిని పగలు ఆరేడు గంటలు పడుకోనివ్వండి. ఆ నిద్రను సోమరితనమని ఎవరూ అనవద్దు.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచాడు మించకూడదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలతో వచ్చేది కూడా అందులోనిదే. బీపీ 140/90 దాటి ఉంటున్నవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు. ఒంట్లో బాగుందని మాత్రలు మానేస్తారు. బాగున్నది ఆ మాత్రల వల్లనేనని నేను ఎన్ని గడపల ముందు నిలబడి చెప్పానో లెక్కలేదు. డాక్టరు పొద్దున వేసుకోమన్న మాత్రల అట్టను పళ్లు తోముకునే బ్రష్షుల డబ్బా పక్కనే, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టుకోండి. బ్రష్షు మరిచిపోరు కాబట్టి మాత్రా మరిచిపోరు.

సమావేశం అయ్యాక వరండాలోని బల్ల దగ్గర అందరికీ బీపీ చూస్తాను. ఇప్పుడు టీ తాగినవారు అరగంట ఆగి రండి. వచ్చాక ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, కాళ్లు నేలకు తాకేలా కూర్చోండి. షుగరు ఉన్నవారు చెప్పులు బయట విడిచి రండి. వరండా చివర కుళాయి ఉంది, కాళ్లు కడుక్కుని వస్తే అరికాళ్లు కూడా చూస్తాను.