ముల్లు దిగిన చోట ఏం జరుగుతుంది?

(స్క్రీన్ మీద: మట్టి బాట. రెండు వైపులా సర్కారు తుమ్మ. హవాయి చెప్పు అడుగున గుచ్చుకున్న ముల్లు, బాగా దగ్గరగా.)

దీని గురించి ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్కారు తుమ్మ. కొన్ని ఊళ్లలో చిల్లచెట్టు అంటారు. చెరువు కట్ట మీద, రైలు పట్టాల పక్కన, బీడు పెట్టిన చేలో ఎక్కడ చూసినా ఇదే. చెప్పును దాటుకుని మరీ మడమలోకి దిగుతుంది.

మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. ముల్లుకు ఆ తేడా తెలియదు లెండి. పదకొండేళ్లప్పుడు బంతి కోసం ఆ చెట్లలోకి దూరాను. కుంటుకుంటూ ఇంటికొస్తే నాయనమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, పిన్నీసు మొనను దీపం మంటలో కాల్చి, నా కాలు తన ఒళ్లో పెట్టుకుంది. "కదలబాకు అబ్బయా, కదిలితే లోపలే ఇరుగుద్ది" అంది. కదిలాను. విరిగింది.

రాత్రంతా ఒకటే సలుపు. తెల్లారేసరికి మడమ ఎర్రగా ఉబ్బింది, చెయ్యి పెడితే కాలుతోంది. మూడో రోజుకు గజ్జలో బిళ్ళ కట్టింది. వంటింట్లోంచి నాకు ఆర్డరు: పప్పు బంద్. పప్పు తింటే చీము పడుద్ది అని.

ఆ మూడు రోజులు నా మడమలో ఏం జరిగిందో మొదట అర్థం చేసుకున్న మనిషి కథ ఇది. ఆయన కూడా ముల్లుతోనే మొదలుపెట్టాడు. కాకపోతే గులాబీ ముల్లు.

(స్క్రీన్ మీద: గుబురు గడ్డం, కళ్లజోడు, మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి.)

పేరు ఇల్యా మెచ్నికాఫ్. 1845లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో పుట్టాడు. డాక్టరు కాదు, జంతుశాస్త్రం మాస్టారు. నాలుగేళ్ల డిగ్రీని రెండేళ్లలో ముగించిన రకం. జీవితం మాత్రం ఆయన్ని బాగానే కుమ్మింది. మొదటి భార్య క్షయతో 1873లో పోయింది. ఆ దుఃఖంలో నల్లమందు మింగాడు, బతికాడు. తర్వాత రెండో భార్యకు టైఫాయిడ్ వచ్చి చావు అంచుదాకా వెళ్లింది. అప్పుడు మరో జ్వరం క్రిములను తన ఒంట్లోకి తానే ఎక్కించుకున్నాడు. మళ్లీ బతికాడు. 1882లో ఒడెస్సా యూనివర్సిటీలో రాజకీయాలు పడక ఉద్యోగం వదిలేసి, కుటుంబాన్ని తీసుకుని ఇటలీలోని మెస్సినా అనే సముద్రతీరపు ఊరికి వెళ్లిపోయాడు.

ఒకరోజు ఇంట్లో అందరూ సర్కస్‌కు వెళ్లారు, ఏవో ఆటలాడే కోతులున్నాయని. ఈయన వెళ్లలేదు. సముద్ర నక్షత్రం పిల్లను మైక్రోస్కోపు కింద పెట్టుకుని కూర్చున్నాడు. సముద్ర నక్షత్రం అంటే అయిదు చేతులతో బల్లపరుపుగా ఉంటుంది కదా, ఆ జీవి. కానీ దాని లార్వా వేరేలా ఉంటుంది. గాజులాగా పారదర్శకం. ఒంట్లో అటూ ఇటూ తిరిగే కణాలు బయటికే కనపడతాయి.

ఆ కణాలు తిరుగుతుంటే చూస్తున్నాడు. ఊరికే తిరుగుతున్నాయా? లేక కాపలా కాస్తున్నాయా? అదే గనక అయితే, లోపల ముల్లు గుచ్చితే అవి అక్కడికి పరిగెత్తుకు రావాలి. మనకు ముల్లు దిగితే చీము చేరినట్టు.

తోటలో పిల్లల క్రిస్మస్ కోసం అలంకరించిన చిన్న నారింజ జాతి చెట్టు ఒకటి ఉంది. ఆ తోటలోంచే రెండు మూడు గులాబీ ముళ్లు తెంపి, లార్వా చర్మం కిందకి గుచ్చాడు. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర పట్టలేదని తర్వాత ఎన్నో ఏళ్లకు తనే రాసుకున్నాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా మూగి ఉన్నాయి.

(స్క్రీన్ మీద: పారదర్శకమైన లార్వా బొమ్మ. మధ్యలో ముల్లు. చుట్టూ కణాలు మెల్లగా చేరుతున్నాయి.)

ఇందులో ఏముంది గొప్ప అనిపించవచ్చు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు తెలివంతా ఇక్కడే ఉంది.

దెబ్బ తగిలిన చోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి వస్తాయని రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో సెల్సస్ అనే రచయిత రాశాడు. 1867లో జర్మనీలో కోన్‌హైమ్ అనే శాస్త్రవేత్త, తెల్ల రక్తకణాలు రక్తనాళాల గోడలు దాటి బయటికి రావడం కళ్లారా చూశాడు. దాంతో చాలామంది అనుకున్నదేమిటంటే వాపు అంటే రక్తనాళాల జబ్బు అని. నాళాలు దెబ్బతిని కారుతున్నాయి, కణాలు ఆ కారుడులో కొట్టుకొస్తున్నాయి, అంతే. పైగా ఆ తెల్ల కణాలే క్రిములను మోసుకెళ్లి ఒళ్లంతా పంచుతాయని భయపడ్డవాళ్లూ ఉన్నారు.

మరి సముద్ర నక్షత్రం లార్వాలో రక్తమే లేదు. రక్తనాళాలూ లేవు. అయినా ముల్లు చుట్టూ కణాలు వచ్చాయి. అంటే నాళాలు కారడం వల్ల కొట్టుకొచ్చినవి కావు, పని మీద వచ్చినవి. ఒక్క ముల్లుతో వాపు అనే మాటకు అర్థమే తిరగబడింది. అది జబ్బు కాదు, జబ్బుకు ఒళ్లు చెప్పే జవాబు. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. సరైన జంతువును ఎంచుకోవడమే సగం సైన్సు అని నాకు ఈ కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

వియన్నాలో క్లౌస్ అనే ప్రొఫెసర్‌తో ఆలోచించి, గ్రీకు మాటల్లోంచి ఈ కణాలకు ఫాగోసైట్ అని పేరు పెట్టారు. తినే కణం అని అర్థం. మన పుస్తకాల్లో భక్షక కణం. 1888లో పారిస్‌లో పాశ్చర్ పిలిచి తన సంస్థలో చోటిచ్చాడు. అక్కడ 1891లో మెచ్నికాఫ్ వాపు గురించే వరసగా ఉపన్యాసాలిచ్చాడు. జర్మన్లు ఒప్పుకోలేదు, రక్షణ అంతా రక్తంలోని ద్రవంలో ఉందన్నారు. పాతికేళ్లు గొడవ. చివరికి 1908లో నోబెల్ బహుమతిని ఈయనకూ, అవతలి పక్షంలోని పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. ఇద్దరూ రైటే మరి.

చివరి రోజుల్లో పెరుగు మీద పడ్డాడు. పులిసిన పాలు రోజూ తాగితే ముసలితనం వెనక్కి పోతుందని నమ్మి, తనూ తాగేవాడు. 71 ఏళ్లకు పోయాడు. మజ్జిగ లేకుండా అన్నం ముగించని మనకు ఆయన నచ్చకుండా ఎలా ఉంటాడు?

(స్క్రీన్ మీద: మళ్లీ మడమ. ఎర్రటి వాపు. మీద సెకన్లు, గంటలు, రోజులు చూపించే గడియారం.)

ఇప్పుడు నా మడమకు వద్దాం. ముల్లు దిగిన నిమిషాల్లో చుట్టుపక్కల సన్నటి నాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువ వస్తుంది, అందుకే ఎరుపు, వేడి. నీరు బయటికి ఊరుతుంది, అందుకే వాపు. గంటల్లో మొదటి దండు దిగుతుంది, వాటి పేరు న్యూట్రోఫిల్స్. కనపడ్డ ప్రతి క్రిమినీ తిని, అక్కడే చస్తాయి. ఆ శవాల కుప్పే చీము. పప్పు వల్ల వచ్చేది కాదు. నిజానికి మానుతున్న పుండుకు మాంసకృత్తులు కావాలి, పప్పులో ఉన్నవి అవే. నాయనమ్మతో ఈ మాట అన్నాను. ఏమందో చివర్లో చెప్తాను.

ఒకటి రెండు రోజులకు రెండో దండు వస్తుంది. మాక్రోఫేజ్‌లు, అంటే పెద్ద తిండిపోతులు. ఈ పేరు కూడా మెచ్నికాఫ్ పెట్టిందే. ఇవి చచ్చిన న్యూట్రోఫిల్స్‌ను కూడా మింగి చోటు శుభ్రం చేస్తాయి. ఆ తర్వాత వేషం మారుస్తాయి. ఇక తినడం తగ్గించి, కొత్త నాళాలు పుట్టమని, కొత్త చర్మం అల్లమని కబుర్లు పంపడం మొదలుపెడతాయి. దండు కాస్తా తాపీ మేస్త్రీ అవుతుంది. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు నెలల తరబడి మానకపోవడానికి ఒక కారణం ఇదే, ఆ వేషం మారడం ఆలస్యమవుతుంది. గజ్జలో బిళ్ళ అంటే లింఫ్ గ్రంథి. కాలినుంచి వచ్చే సమాచారమంతా చేరే ఠాణా అది. పని ఎక్కువై ఉబ్బుతుంది.

ఇదే దండు మరీ ఎక్కువైతే? మా బంధువు ఒకాయన చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. రాయి జారి తొడ నలిగింది. రెండో రోజు ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆయాసం. చీము లేదు. రక్తం కల్చర్‌కు పంపితే క్రిములేవీ పెరగలేదు. క్రిమి లేకుండా ఈ జ్వరమేంటని ఇంట్లో అందరికీ అయోమయం.

దీనికి మంచి జవాబు 2010లో వచ్చింది. బోస్టన్‌లో ప్రమాద బాధితులకు ఆపరేషన్లు చేసే సర్జన్ కార్ల్ హౌసర్, ఆయన బృందం. మన ఒంట్లో దాదాపు ప్రతి రకం కణంలో మైటోకాండ్రియా ఉంటాయి, స్కూల్లో కణానికి పవర్ హౌస్ అని బట్టీ పట్టాం కదా, అవే. వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట అవి బయట బతికిన బాక్టీరియా. మన పూర్వపు కణాల్లోకి వచ్చి అద్దెకు దిగి ఇంటివాళ్లయిపోయాయి. కానీ పాత పోలికలు పోలేదు. ప్రోటీన్ తయారీకి బాక్టీరియా వేసే ముద్రే ఇవీ వేస్తాయి. కండ నలిగినప్పుడు కణాలు పగిలి ఇవి రక్తంలోకి చిమ్ముతాయి. న్యూట్రోఫిల్స్ ఆ ముద్ర చూసి బాక్టీరియా పడిందనుకుంటాయి. ఒళ్లంతా యుద్ధం. ఊపిరితిత్తులు కూడా దెబ్బతినవచ్చు. ఇంటి మనిషినే దొంగనుకుని కొట్టినట్టు. మా బంధువు పది రోజులకు తేరుకున్నాడు, ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తున్నాడు.

(స్క్రీన్ మీద: గోడ మీద తోక తెగిన బల్లి. తర్వాత గులాబీ రంగు మొప్పలతో ఆక్సొలాటల్.)

సరే, ఈ తిండిపోతు కణాలకు అంత గొడవ ఎందుకు, తీసేస్తే పోలా? 2013లో ఆస్ట్రేలియాలో జేమ్స్ గాడ్విన్ బృందం అదే చేసి చూసింది. మెక్సికో సరస్సుల్లోని ఆక్సొలాటల్ అనే బల్లిలాంటి నీటి జీవికి కాలు తెగితే ఎముక, కండ, వేళ్లతో సహా కొత్తది మొలుస్తుంది. బల్లి తోక కూడా మొలుస్తుంది కానీ అది నకిలీ సరుకు, లోపల వెన్నుపూసలకు బదులు మృదులాస్థి గొట్టం. ఆక్సొలాటల్‌ది అసలు సరుకు. దాని ఒంట్లో మాక్రోఫేజ్‌లను మందు పెట్టి తీసేస్తే కాలు మొలవలేదు. మనకు లాగే గట్టి మచ్చ కట్టి ఆగిపోయింది. మాక్రోఫేజ్‌లు మళ్లీ నిండాక అదే చోట ఇంకోసారి కోస్తే, అప్పుడు మొలిచింది!

మనుషుల్లో ఆ శక్తి పూర్తిగా లేదనలేం. 1974లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సింథియా ఇల్లింగ్‌వర్త్ అనే డాక్టరు, తలుపు సందులో పడి వేలి కొస తెగిన చిన్నపిల్లల గురించి రాసింది. చివరి కణుపుకు పైన తెగితే, కుట్లు వేయకుండా శుభ్రంగా కట్టు కట్టి వదిలేస్తే, గోరుతో సహా కొస తిరిగొచ్చింది. పెద్దయ్యేకొద్దీ ఆ వరం సన్నగిల్లుతుంది. ఇది విని ఇంట్లో ప్రయోగాలు చేయకండి, వేలు తెగితే నేరుగా ఆసుపత్రికే.

(స్క్రీన్ మీద: చిన్న గాజు సీసా. అడుగున నల్లటి నలుసు.)

నా ముల్లు సంగతి మిగిలింది. వాపు తగ్గింది, ఆడుకున్నాను, మర్చిపోయాను. మడమలో చిన్న గట్టి గింజ మాత్రం ఉండిపోయింది. రెండేళ్ల కిందట బూటు రాసుకుని నొప్పి మొదలైతే చిన్న ఆపరేషన్ చేసి తీశారు. ఇదిగో, బియ్యపు నూకంత. తినలేనిది ఎదురైతే మాక్రోఫేజ్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షస కణాలవుతాయి, దాన్ని చుట్టుముట్టి గోడ కట్టేస్తాయి. ఆపరేషన్ చేసి తీసేదాకా ఇరవై ఏళ్లు నా మడమలో ఆ కాపలా నడిచింది. మెస్సినాలో ఆయన చూసిన బొమ్మే ఇది.

సీసా తీసుకెళ్లి నాయనమ్మకు చూపించాను. చీము పప్పు వల్ల రాదని కూడా అప్పుడే చెప్పాను. సీసాను వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేను చెప్పలే? ఆ రోజు నువ్వు కదలకపోతే వచ్చేసుండేది" అంది. ఆ తర్వాత వంటింట్లోకి చూసి, "కట్టు ఇప్పేదాకా వాడికి పప్పు పెట్టబాకండే" అని కేకేసింది.