సత్కారం అన్న మాట దగ్గర ఆగుదాం
(అంతర్జాతీయ యోగా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నిర్వాహకులకు, తెల్లవారకముందే లేచి మ్యాట్ చంకన పెట్టుకుని వచ్చిన సాధకులకు, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చిన తల్లులకు మరీ మరీ నమస్కారం. పేర్లు చదువుతూ కూర్చుంటే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘అష్టాంగ యోగం నేర్చుకోవడం, అందులో ముందుకెళ్లడం’. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ ఇందాక శాలువా కప్పుతూ మైకులో ‘సత్కారం’ అన్నారు చూడండి, ఆ మాట వినగానే నా ఆలోచన అటే పోయింది. సాధన గురించి యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన సూత్రంలో ఉన్నది సరిగ్గా ఈ మాటే. మొదటి అధ్యాయమైన సమాధి పాదంలో 14వ సూత్రం: ‘స తు దీర్ఘకాల నైరంతర్య సత్కారాసేవితో దృఢభూమిః’. చాలాకాలం, మధ్యలో మానకుండా, సత్కారంతో చేస్తేనే సాధన గట్టిపడుతుందని. చాలాకాలం అన్నది అందరూ చెబుతారు. మానకుండా అన్నది ఇంకా గట్టిగా చెబుతారు. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి ‘శ్రద్ధగా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను చేరిన చోటా అంతే. ఆ మూడో మాట నాకు తెలిసింది మోకాలు పోయాక.

కొత్తవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. మనం వాడుకలో అష్టాంగం అంటున్నది మైసూరులో పట్టాభి జోయిస్ గారు నేర్పిన పద్ధతిని. పన్నెండేళ్ల వయసులో, 1927లో, హాసన్‌లో యోగ గురువు కృష్ణమాచార్యుల వారి ఆసనాలు చూసి ఆయన శిష్యుడయ్యారు. 1937 నుంచి మైసూరు సంస్కృత కళాశాలలో యోగం నేర్పారు. ఆసనాలు ఒక వరసలో ఉంటాయి. మొదటి వరస పేరు యోగచికిత్స, రెండోది నాడీశోధన, ఆ పైవి స్థిరభాగ. శనివారం సెలవు, పున్నమికి, అమావాస్యకు సెలవు, ఆడవాళ్లకు నెలసరి రోజుల్లో సెలవు. మైసూరు పద్ధతి అంటే అందరూ ఒకే గదిలో ఉన్నా ఎవరి శ్వాసతో వాళ్లు చేసుకోవడం. గురువు ఒక్కో ఆసనం ఇస్తూ పోతారు. ఇచ్చినది కుదిరేదాకా తర్వాతిది ఇవ్వరు.

అదిగో, ఆ ‘ఇవ్వరు’ అన్న దగ్గరే నా కథ మొదలవుతుంది.

అప్పటికి నేను మూడేళ్లుగా మొదటి వరస చేస్తున్నాను. మరీచ్యాసనం డీ, అంటే ఆ ఆసనంలో నాలుగో రకం, దాని దగ్గర ఆగిపోయాను. చేసినవాళ్లకు తెలుసు అది ఎలాంటి గుమ్మమో. ఒక పాదాన్ని అర్ధపద్మంలో, అంటే రెండో తొడ మీద పెట్టి, రెండో మోకాలు నిలబెట్టి, దాని చుట్టూ నడుము తిప్పి, వెనక చేతులు పట్టుకోవాలి. నా తర్వాత చేరినవాళ్లు నావాసనం దాటి, కూర్మాసనం దాటి వెళ్లిపోతున్నారు. నా పక్క మ్యాట్ అమ్మాయికి కొత్త ఆసనం ఇచ్చిన రోజు ఇంటికెళ్లి ఎవరితోనూ మాట్లాడలేదు నేను. అంత టెన్షన్ ఉండేది.

ఒకరోజు నేర్పేవారు వెనకనుంచి వచ్చారు. ఏమీ అడగలేదు. అర్ధపద్మంలో ఉన్న నా కుడి మోకాలి మీద చెయ్యి వేసి కిందికి నొక్కారు. లోపలి వైపు చురుక్కుమంది. ఊపిరి అక్కడే బిగపట్టాను. ‘ఏం కాదు, తుంటి తెరుచుకుంటోంది’ అన్నారు. ఇంకొంచెం నొక్కారు. టక్ మని ఒక చప్పుడు. పెద్ద చప్పుడు కాదు, ఎండుపుల్ల విరిగినంత. చేతులు మాత్రం కలిశాయి. గదిలో ఒకరిద్దరు నవ్వుతూ తలూపారు కూడా. ఆ రోజు నాకు తర్వాతి ఆసనం వచ్చింది. సాయంత్రానికి మెట్లు దిగలేకపోయాను.

ఎమ్మారైలో మెనిస్కస్, అంటే మోకాలి లోపలి మృదులాస్థి, చిరిగిందని తేలింది. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: ‘చురుక్కుమన్నప్పుడు ఎందుకు ఆగలేదమ్మా?’ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. ఆపమని చెప్పవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు.

ఇక్కడ కాసేపు మోకాలి సంగతి చెప్పుకోవాలి. తుంటి కీలు గుంటలో బంతిలా ఉంటుంది, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలు ప్రధానంగా తలుపు బందులాగా మడవడానికి, చాపడానికి ఉన్నది. కొద్దిగా తిరుగుతుంది, అంతే. పద్మాసనంలో పాదం తొడ మీదికి రావాలంటే తొడ ఎముక తుంటి దగ్గర బయటికి తిరగాలి. అక్కడ తిరగనప్పుడు పాదాన్ని బలవంతంగా లాగితే, ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. తొడ ఎముకకు, కాలి ఎముకకు మధ్య నెలవంకలా ఉండే మెత్తని మృదులాస్థి నలుగుతుంది. దాని లోపలి భాగానికి రక్త సరఫరా దాదాపు ఉండదు, అందుకే అక్కడ చిరిగితే ఒక పట్టాన మానదు. యమాల్లో, అంటే యోగంలో పాటించాల్సిన సంయమాల్లో, అస్తేయం అని ఒకటుంది, దొంగతనం చేయకపోవడం. తుంటి ఇవ్వనిదాన్ని మోకాలి దగ్గర దొంగిలించామన్నమాట మేమిద్దరం. నేనూ, నేర్పినవారూ.

మీరు రాసుకుంటున్నారు కాబట్టి ఇదొక్కటి రాసుకోండి: తొడ వెనక కండరం లాగడం వేరు, మోకాలి లోపల చురుక్కుమనడం వేరు. మొదటిదాంతో కూర్చుని శ్వాస తీసుకోవచ్చు. రెండోది వస్తే ఆ క్షణమే బయటికి రండి. అర్ధపద్మం బదులు జానుశీర్షాసనంలోలాగా పాదాన్ని నేల మీదే పెట్టుకోండి. దానివల్ల మీ సాధన ఏమీ తగ్గిపోదు.

నా సంగతికి వస్తాను. కాలు మోపగలిగాక తిరిగి మ్యాట్ ఎక్కాను. చాలా నెలలు సూర్యనమస్కారాలు తప్ప ఏమీ చేయలేదు. అది కూడా గెంతకుండా, ఒక్కో కాలు వెనక్కి వేసుకుంటూ. అప్పుడు దొరికింది నాకు అసలు పాఠం. మూడేళ్లు నోటితో లెక్కపెట్టిన లెక్క నాకు అప్పుడు అర్థమైంది. ఏకం, పీలుస్తూ చేతులెత్తడం. ద్వే, వదులుతూ వంగడం. త్రీణి, పీలుస్తూ తలెత్తడం. చత్వారి, వదులుతూ వెనక్కి వెళ్లి కిందికి దిగడం. పంచ, పీల్చడం. షట్, వదలడం, అక్కడ ఐదు శ్వాసలు. సప్త, అష్టౌ, నవ, మళ్లీ పైకి. చూశారా? బేసి సంఖ్యకు పీల్చడం, సరి సంఖ్యకు వదలడం. మొదటి సూర్యనమస్కారం తొమ్మిది విన్యాసాల్లో ఎక్కడా తప్పదు. శరీరం ఎంత వంగిందని కాదు ఆ లెక్క అడిగేది, ఈ కదలికకు నీ శ్వాస సరిపోయిందా అని.

సరిపోలేదు. నాకు చత్వారి దగ్గర ఊపిరి ఆగేది. కిందికి దిగేటప్పుడు గొంతు బిగిసి, అరక్షణం నిశ్శబ్దం. ఎన్ని వందలసార్లు చేశానో, ఒక్కసారి కూడా గమనించలేదు. పక్క మ్యాట్ మీద ఎవరు ఏ ఆసనం చేస్తున్నారో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. దృష్టి అని ఈ పద్ధతిలో తొమ్మిది చూపులు చెబుతారు, ముక్కు కొన, బొటనవేలు, నాభి, ఇలా. పక్క మ్యాట్ ఆ తొమ్మిదిలో లేదు.

ఆ నిశ్శబ్దం పోవడానికి నాకు ఏడాది పట్టింది. నా ఇరవై ఏళ్ల సాధనలో ముందుకెళ్లడం అంటే అదేనని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను. ఎవరూ చూడలేదు. ఎవరూ తలూపలేదు. కానీ ఆ రోజు చత్వారి దగ్గర నా ఊపిరి చప్పుడు తెగకుండా నాకే వినిపించినప్పుడు మ్యాట్ మీదే కన్నీళ్లు వచ్చాయి.

ఇక పెద్దలు నొచ్చుకునే మాట ఒకటి చెప్పాలి. నొచ్చుకున్నా చెప్పాలి. వెనకనుంచి వచ్చి చెయ్యి వేయడం గురించి. దీన్ని అడ్జస్ట్‌మెంట్ అంటాం. దానివల్ల మేలు జరిగినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ పట్టాభి జోయిస్ గారు అడ్జస్ట్‌మెంట్ల పేరుతో తమను తాకరాని చోట తాకారని ఆయన శిష్యురాళ్లు పలువురు పేర్లు పెట్టి బయటికొచ్చి చెప్పారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ గారు దీనిపై బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఇది మన పరంపరలో జరిగినది. ‘వందే గురూణాం చరణారవిందే’ అని రోజూ నేనూ పాడతాను, ఈ పొద్దున కూడా పాడాను. ఆ శ్లోకం పాడే నోటితోనే ఈ మాట కూడా చెప్పకపోతే ఆ ఆడవాళ్లకు అన్యాయం చేసినట్టే. గురువు మీద గౌరవం అంటే శిష్యురాలు నోరు మూసుకోవడం కాదు.

మరొకటి. ఈ వరసలు ఏ శరీరాలను చూసి తయారయ్యాయో గుర్తుంచుకుందాం. 1930లలో మైసూరు మహారాజు ఆదరణలో కృష్ణమాచార్యుల వారు జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపినప్పుడు అక్కడ నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని, నలభై దాటాక వచ్చే నాలాంటివాళ్లు కాదు. అదే కృష్ణమాచార్యుల వారు తర్వాత మద్రాసులో ఒక్కొక్కరికి వాళ్ల వయసును బట్టి, ఆరోగ్యాన్ని బట్టి వేరువేరుగా నేర్పారు. ఆయనే మార్చగలిగినప్పుడు మనం ఒక్క పాదాన్ని తొడ మీదినుంచి నేల మీదికి మార్చలేమా? యోగచికిత్స అని పేరు పెట్టుకున్న వరసలో మనిషి కాలు పోగొట్టుకుని ఇంటికెళ్లడం ఏమిటండీ? నాకు ఇది ఇన్నేళ్లయినా మింగుడు పడదు.

ముందు వరసలో నేర్పేవాళ్లు కూర్చున్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. చెయ్యి వేసేముందు అడగండి. ఒక్క మాట. ‘చెయ్యి వెయ్యనా అమ్మా?’ రెండు సెకన్లు పట్టదు. వద్దంటే మొహం మాడ్చుకోకండి. వాళ్ల మోకాలి వైపు కాదు, ఊపిరి వైపు చూడండి. ఊపిరి ఆగితే మీ చెయ్యి ఆగాలి. సూత్రంలోని ఆ సత్కారం అంటే నాకు ఇదే. నన్ను ఎవరూ అడగలేదు, మీరు అడగండి.

సాధకులారా, మీతో కూడా. ‘నువ్వెక్కడిదాకా వచ్చావు’ అని ఒకరినొకరు అడగడం మానేద్దాం. ఇవాళ టీ దగ్గర కూడా నాకు వినపడింది ఆ ప్రశ్న, మూడుసార్లు. అవతలివాళ్లు అదే చోట నాలుగేళ్లుగా ఉండొచ్చు. ఆ నాలుగేళ్లలో వాళ్లకు ఏం దొరికిందో మీకు తెలియదు. ఇప్పటికీ నాకు మరీచ్యాసనం డీలో కుడి వైపు చేతులు కలవవు. ఎడమ వైపు కలుస్తాయి. కుడి వైపు పాదం నేల మీదే ఉంటుంది, ఐదు శ్వాసలు అలాగే తీసుకుంటాను. అన్నింటికంటే నింపాదిగా వచ్చే ఐదు శ్వాసలు నాకు అవే.

టైమ్ అయిందని చీటీ పంపారు, చూశాను. రాసుకొచ్చిన నాలుగు పేజీల్లో ఒక్కటీ చదవలేదు, కావాలంటే నిర్వాహకులకు ఇచ్చి వెళ్తాను. ఇంకొక్క మాట. వెనక, స్తంభం పక్కన, మోకాలికి పట్టీ కట్టుకుని కూర్చున్న అమ్మాయి. ఇందాక మెనిస్కస్ అన్నప్పుడు తల దించుకున్నావు, నేను చూశాను. సభ అయ్యాక వెళ్లిపోకు తల్లీ. ఈ మెట్ల పక్కనే కూర్చుని ఉంటాను. నువ్వు ఏ ఆసనం దగ్గర ఉన్నావని అడగను. కుడి మోకాలా, ఎడమ మోకాలా, నొప్పి లోపలి వైపా, బయటి వైపా, అంతే అడుగుతాను.