చెస్ సెట్ ఖరీదంతా గుర్రంలోనే ఉంది

నమస్తే. చేత్తో చేసిన ఖరీదైన చెస్ సెట్ ఎప్పుడు చూపించినా ఒకటే మాట వినపడుతుంది: “అంత డబ్బా! ప్లాస్టిక్‌ది కొనుక్కుంటే ఆట రాదా?” వస్తుంది, కాదనను. కానీ ఆ డబ్బు ఎటు పోతుందో తెలియాలంటే మిగతా పావులు పక్కన పెట్టి గుర్రం ఒక్కదాన్నే చూడండి.

(స్క్రీన్ మీద: బంటు, శకటు, గుర్రం)

బంటు, శకటు, మంత్రి అన్నీ గుండ్రటివి. కర్రను లేత్ మీద తిప్పితే చాలావరకు వచ్చేస్తాయి. గుర్రానికి కింద పీట అలా వస్తుంది గానీ, తల ఉలితో చెక్కాల్సిందే. మన దేశంలో ఈ పనికి పెట్టింది పేరు అమృత్‌సర్. జూలులో ఒక్కో గీత, తెరిచిన నోట్లో పళ్లు, ఉబ్బిన ముక్కుపుటాలు... ఉలి కాస్త జారిందా, చెవి ఎగిరిపోతుంది. అంతవరకూ చేసిన పనంతా వృథా. సెట్‌కి నాలుగు గుర్రాలు, నాలుగూ ఒక్కలాగే ఉండాలి మళ్లీ!

మార్సెల్ డుషాంప్ అని ఫ్రెంచ్ ఆర్టిస్ట్. చెస్ పిచ్చి ఎంతంటే, దేశాల మధ్య జరిగే చెస్ ఒలింపియాడ్‌లో ఫ్రాన్స్ తరఫున ఆడాడు. 1918-19లో బ్యూనస్ ఎయిరిస్‌లో ఉన్నప్పుడు తన సెట్ తనే చెక్కుకున్నాడు, ఒక్క గుర్రాలు తప్ప. అవి మాత్రం అక్కడి పనివాడి చేత చేయించాడు. అంత కళాకారుడూ గుర్రం దగ్గర చేతులెత్తేశాడన్నమాట. నాకిది భలే నచ్చుతుంది.

ఆయన స్నేహితుడు, మరో ఆర్టిస్ట్ మ్యాన్ రే ఇంకా గడుసు. 1920లో అసలు చెక్కే పనే పెట్టుకోలేదు. స్టూడియోలో ఉన్న వయొలిన్ తల, అదే పైన చుట్టుకున్నట్టుండే భాగం, తీసి ఇదే గుర్రం అన్నాడు. ఆ మెడ వంపు చూడండి, కాదనగలరా?

ఇక నా ఫేవరెట్. 1923-24లో, జర్మనీలో డిజైన్ నేర్పే బౌహౌస్ స్కూల్లో యోసెఫ్ హార్ట్‌విగ్ అనే శిల్పి చేసిన సెట్. తల లేదు, జూలు లేదు. ఈయన గుర్రం ఎల్ ఆకారంలో ఉన్న చెక్క. గుర్రం నడిచేది అలాగే కదా! శకటు ఐమూలగా పోతుంది, అందుకని ఎక్స్ ఆకారం. రాజు అంటే పెద్ద ఘనం మీద ఐమూలగా తిప్పి పెట్టిన చిన్న ఘనం. మంత్రికి పైన గోళం, ఎటైనా పోతాడని. ఎలా నడవాలో పావే చెబుతుంది. “ఇదేముంది, మా వడ్రంగీ చేస్తాడు” అంటారేమో. నగిషీ ఉన్నచోట చిన్న తప్పు కనపడకుండా పోతుంది. ఇక్కడ దాక్కోవడానికి చోటేదీ? అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టిస్తుంది. స్విట్జర్లాండ్‌లో నేఫ్ కంపెనీ ఈ సెట్ మళ్లీ తయారుచేసి అమ్ముతోంది.

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తా. జపాన్‌లో పుట్టిన ఆర్టిస్ట్ యోకో ఓనో చేసిన సెట్, 1966: రెండు వైపులా తెల్ల పావులే, గళ్లూ తెలుపే. కాసేపటికి ఏ గుర్రం ఎవరిదో తెలియదు, యుద్ధం సాగదు. ఆమెకు కావలసిందీ అదే. ఆలోచన గొప్పదే, నాకు మాత్రం ఆడుకునే సెట్టే ఇష్టం.

కొనేవాళ్లు గుర్రాన్ని చేతిలోకి తీసుకుని దవడ కింద వేలు పెట్టి చూడండి. ఉలి సరిగా అందని చోటు అది, నాసిరకం పనైతే గరుగ్గా తగులుతుంది. తర్వాత రాజును కాస్త వంచి వదలండి, అడుగున బరువుంటే తిరిగి నిలబడుతుంది. బోర్డు సంగతి ఇంకో వీడియోలో.